మెరుపు చూసి కొనకండి, కింద దూరి చూడండి

పాత బండ్లు – మీ ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్యాంపర్ వ్యాన్ల గురించే వచ్చాయి. నేను కాకినాడలో మెకానికల్ డిప్లొమా చదివి ఇప్పుడు బ్రిస్టల్‌లో ఉంటున్నాను. మా వాకిట్లో ఉన్న 1972 వోక్స్‌వ్యాగన్ క్యాంపర్ పనులన్నీ నేనే చూసుకుంటాను. నాకు ప్రాణమైన విషయం కాబట్టి ఈసారి జవాబులు కాస్త పొడుగ్గానే ఉంటాయి.

ప్రశ్న (లెస్టర్ నుంచి): అక్కా, మేమిద్దరం ఐటీలో పనిచేస్తాం. 1973 వోక్స్‌వ్యాగన్ వెస్ట్‌ఫాలియా క్యాంపర్ ఒకటి అమ్మకానికి ఉంది. కొత్తగా పెయింటింగ్ చేయించారు, అద్దంలా మెరుస్తోంది. ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. కొనేయమంటారా?

జవాబు: తమ్ముడూ, కొత్త పెయింటింగ్ అనగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఈ బండి ఇంజన్ పోయినా పర్లేదు, దించి బాగుచేసుకోవచ్చు, సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. రేకు కుళ్లితే మాత్రం ఇల్లు గుల్లవుతుంది. జర్మనీలో హానోవర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వ్యాన్‌కి వెస్ట్‌ఫాలియా వాళ్లు మంచం, అల్మరాలు, పైకి లేచే టాపు బిగించేవారు. 50 ఏళ్లు దాటిన రేకు అది. బ్రిటన్ రోడ్ల మీద చలికాలం ఉప్పు చల్లుతారని మీకు తెలుసు కదా, ఆ ఉప్పునీళ్లు అడుగుభాగాన్ని తినేస్తాయి.

మళ్లీ చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక అయస్కాంతం, టార్చిలైటు, స్క్రూడ్రైవరు, పాత దుప్పటి తీసుకెళ్లండి. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి చక్రాల పైనుండే అంచుల మీద, తలుపుల కింది అంచుల మీద, టాపు చుట్టూ వాననీళ్లు జారే గట్టర్ మీద మెల్లగా జరపండి. పుట్టీ పెట్టినచోట పట్టు వదిలేస్తుంది.

తర్వాత దుప్పటి పరిచి బండి కిందకు దూరండి. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలా ఉండే భాగాన్ని ఇక్కడ సిల్ అంటారు. అందులో బయట, మధ్య, లోపల అని మూడు రేకులుంటాయి. బండి బరువు మోసేది ఇదే. బయటి రేకు ఒక్కటే కొత్తది అతికించి రంగు కొట్టేస్తే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లోపలి రెండూ పొడి పొడిగా రాలుతుంటాయి. అడుగున నీళ్లు పోవడానికి వదిలిన రంధ్రాలు తెరిచి ఉన్నాయా, పుట్టీతో పూడిపోయాయా చూడండి. జాకీ పెట్టే గూళ్లు నాలుగూ గట్టిగా ఉన్నాయా చూడండి. కింద అంతా దళసరిగా నల్లటి తారు పూసి ఉంటే అనుమానించండి. తుప్పు మీద తారు పూస్తే తేమ లోపలే ఉండిపోయి తుప్పు ఇంకా పెరుగుతుంది. ఓనరుకి చెప్పి స్క్రూడ్రైవర్ మొనతో అక్కడక్కడా నొక్కండి. మంచి రేకు టంగుమంటుంది. కుళ్లినది కరకరలాడుతూ మొనను లోపలికి పోనిస్తుంది. నొక్కనివ్వనంటే ఆ బండి వదిలేయండి.

ముందు అద్దం రబ్బరు కింది రెండు మూలలు, ఇంజన్ గదిలో బ్యాటరీ కింద ఉండే రేకు, టాపు పైకెత్తి పరుపు తీస్తే కనిపించే అంచులు కూడా చూడాలి. అద్దం మూలల్లో దిగిన నీళ్లు డ్యాష్‌బోర్డు వెనక నుంచి కారి డ్రైవర్ కాళ్ల దగ్గర నిలబడతాయి. అక్కడి మ్యాట్ ఎత్తి చేత్తో తడిమితే తెలిసిపోతుంది.

కాగితాల సంగతి. ఆ కాలపు బండి చాసిస్ నంబరులో మూడో అంకె మోడల్ సంవత్సరపు చివరి అంకె, అంటే మీది 1973 మోడల్ అయితే 3 ఉండాలి. ముందు సీటు వెనక గోడకు చిన్న రేకు బిళ్ల ఉంటుంది. ఫ్యాక్టరీలో వేసిన రంగు, బిగించిన సామాన్లు, తయారైన తేదీ దాని మీద కోడ్ అంకెల్లో ఉంటాయి. ఫొటో తీసుకుని కాగితాలతో సరిచూసుకోండి.

40 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు చేయని బండికి ఎంఓటీ టెస్టు (రోడ్డు మీద తిరగడానికి బండి పనికొస్తుందో లేదో చూసే పరీక్ష) తప్పనిసరి కాదని 2018 మే నుంచి రూలు వచ్చింది. అమ్మేవాళ్లు అదే గొప్పగా చెబుతారు. టెస్టు అక్కర్లేదన్నంత మాత్రాన బండి బాగున్నట్టు కాదు. కొత్తగా టెస్టు చేయించి ఇవ్వమని అడగండి. మా బండికి నేను ఏటా చేయిస్తాను.

కొన్నాక డబ్బు ముందు వెల్డింగ్‌కి, బ్రేకులకి, పెట్రోలు పైపులకి, టైర్లకి పెట్టండి. మామూలు కారు టైర్లు ఈ బరువుకి ఆగవు, 185 ఆర్14 సి అని రాసి ఉన్న వ్యాన్ టైర్లే వేయించాలి. వెల్డింగ్ అయ్యాక సిల్ లోపలికి పలచటి మైనం స్ప్రే కొట్టించడం మర్చిపోవద్దు. రంగు, కర్టెన్లు, పరుపులు ఆ తర్వాతే.

ప్రశ్న (మిల్టన్ కీన్స్ నుంచి): అక్కా, మాది 1971 బండి, 1600 సీసీ ఇంజన్. ఇంతకుముందు వెనకాల టకటకమని చప్పుడు వచ్చేది, ఇప్పుడు ఆగిపోయింది. మా దగ్గర్లో గ్యారేజీ వాళ్లు ఈ ఇంజన్ మేం ముట్టుకోం అంటున్నారు. చప్పుడే లేదు కదా, అలాగే నడిపించొచ్చా?

జవాబు: నడిపించకండి తమ్ముడూ. ఈ ఇంజన్‌లో టాపెట్లు, అంటే వాల్వులను నొక్కి తెరిచే భాగాలు, కాస్త టకటకమంటేనే మంచిది, చప్పుడు తగ్గిందంటే భయపడాలి. వాడేకొద్దీ వాల్వు తన సీటులోకి కూరుకుపోతుంది, కాడ సాగుతుంది, దాంతో టాపెట్‌కీ వాల్వు కాడకీ మధ్య గ్యాప్ తగ్గిపోతుంది. గ్యాప్ పూర్తిగా పోతే వాల్వు సరిగ్గా మూసుకోదు. మూసుకున్నప్పుడే అది తన వేడిని హెడ్డుకి ఇచ్చి చల్లబడుతుంది. ఆ అవకాశం లేకపోతే అంచు కాలిపోతుంది, ఒక్కోసారి తల విరిగి పిస్టన్ మీద పడుతుంది. అది జరిగితే ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. మీ 1971 బండికి ముందున్న ఇంజన్లలో ఆయిల్ కూలర్ ఫ్యాన్ డబ్బా లోపలే ఉండి మూడో సిలిండర్‌కి వెళ్లే గాలిని అడ్డుకునేది. అందుకే వాటిలో మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వే ముందు పోతుంది. మీ ఇంజన్ ఎప్పుడైనా మార్చి ఉంటే లోపల ఏ రకం కూలర్ ఉందో చూసుకోండి.

పని మీరే చేసుకోవచ్చు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు), 13 నంబరు స్పానరు, స్క్రూడ్రైవరు చాలు. ఇంజన్ రాత్రంతా చల్లారి ఉండాలి, చేయి పెడితే ఎక్కడా వెచ్చదనం తగలకూడదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పుల్లీని తిప్పుతూ లోపలి రోటర్‌ని డిస్ట్రిబ్యూటర్ అంచు మీద గాటు దగ్గరికి తెండి. పుల్లీ మీద గుర్తు ఇంజన్ కేసు రెండు భాగాలు కలిసే గీతకు ఎదురుగా వస్తే ఒకటో సిలిండర్ సిద్ధమైనట్టు. అది కుడివైపు, బండి ముందు దిక్కుగా ఉంటుంది. వాల్వ్ కవరు పట్టి ఉంచే తీగ క్లిప్పుని స్క్రూడ్రైవరుతో కిందికి నొక్కితే కవరు వచ్చేస్తుంది. కింద చిన్న గిన్నె పెట్టుకోండి, ఆయిల్ కారుతుంది.

గ్యాప్ 0.15 మిల్లీమీటర్లు. ఇన్‌లెట్‌కీ ఎగ్జాస్ట్‌కీ అంతే. గేజ్ రేకు దూర్చి లాగితే వెన్న రాసినట్టు జారిపోకూడదు, పీక్కోవాల్సి రాకూడదు, సన్నగా పట్టుకుని రావాలి. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కాస్త తిరుగుతుంది కాబట్టి బిగించాక మళ్లీ గేజ్ పెట్టి చూడాల్సిందే. ఒకటోది అయ్యాక పుల్లీని ఎడమకి, అంటే గడియారం ముల్లుకి ఎదురుగా, అరచుట్టు తిప్పితే రెండోది వస్తుంది. మళ్లీ అరచుట్టుకి మూడు, ఇంకో అరచుట్టుకి నాలుగు. కవర్ల కింద కార్క్ గ్యాస్కెట్లు కొత్తవి వేయండి.

ప్రతి 3,000 మైళ్లకీ ఇది చేయాలి. అప్పుడే ఆయిల్ కూడా మార్చండి, రెండున్నర లీటర్లు పడుతుంది. ఈ ఇంజన్‌కి కాగితం ఫిల్టర్ ఉండదు, సన్నటి జల్లెడ మాత్రమే ఉంటుంది, కాబట్టి ఆయిల్ మార్చడం వాయిదా వేస్తే మురికంతా బేరింగుల్లోకే పోతుంది. ఇంజన్ చుట్టూ ఉండే రేకులు, రబ్బరు పట్టీ అన్నీ ఉన్నాయా కూడా చూడండి. పైన చల్లగాలి, కింద వేడిగాలి కలవకుండా ఆపేది అవే. చాలామంది మెకానిక్కులు ఇంజన్ దించినప్పుడు ఆ రేకులు మళ్లీ బిగించకుండా పక్కన పడేస్తారు. నాకు అది చూస్తే ఒళ్లు మండుతుంది.

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి): మాది 1978 వెస్ట్‌ఫాలియా, 2 లీటర్ల ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఇంజన్. ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ నెమ్మదిగా తిరగడం) నిలబడటం లేదు. ఇంజెక్షన్ పీకేసి కార్బొరేటర్లు పెట్టమని మెకానిక్ చెబుతున్నాడు.

జవాబు: పీకించకండి. అందులో ఉన్న బాష్ ఎల్-జెట్రానిక్ మంచి సిస్టమ్. లోపలికి వెళ్లే గాలిని కొలిచి దానికి తగ్గ పెట్రోలు ఇస్తుంది, కాబట్టి కొలవని గాలి ఎక్కడ దూరినా లెక్క తప్పుతుంది. ముందు ఆయిల్ పోసే మూత వాషరు, డిప్‌స్టిక్ దగ్గరి రబ్బరు తొడుగు, పగిలిన గాలి గొట్టాలు చూసి మార్చండి. ఆయిల్ మూత సరిగ్గా బిగుసుకోకపోయినా ఈ ఇంజన్ ఐడిల్ చెడుతుంది. తర్వాత ఎర్త్ వైర్ల కొసలు విప్పి శుభ్రం చేసి బిగించండి. అన్నట్టు, పైన చెప్పిన టాపెట్ గ్యాప్ మీకు వర్తించదు. అమెరికా 1978 బండికి హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి, గ్యాప్‌ని అవే సరిచేసుకుంటాయి.

ప్రశ్న (స్లౌ నుంచి): ఆడపడుచు వాళ్లు వాళ్ల పాత వోక్స్‌వ్యాగన్ క్యాంపర్‌ని ఈ అక్టోబరులో మాకు ఇస్తామన్నారు. పిల్లలిద్దరితో వేల్స్ వెళ్లి రెండు రాత్రులు అందులోనే పడుకోవాలని. పిల్లలున్నారు కాబట్టి ఏమైనా జాగ్రత్తలు చెప్పండి అక్కా.

జవాబు: చెల్లీ, రెండే రెండు విషయాలు, రెండూ ప్రాణానికి సంబంధించినవి. మొహమాటపడకుండా మీ వదిన గారిని అడగండి.

ఒకటి, పెట్రోలు పైపులు. ఇంజన్ మూత తీసి, రబ్బరు పైపుని రెండు వేళ్లతో వంచండి. సన్నటి గీతల్లా పగుళ్లు కనిపించినా, కట్టెలా బిగుసుకుపోయినా బండి కదపకూడదు. నూలు అల్లిక కప్పిన పాత రకం పైపుల్లో పగుళ్లు బయటికి కనిపించవు, అవి ఉంటే మార్చేయాల్సిందే. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరుని అది ఇంకా తొందరగా పాడుచేస్తుంది. కొత్త పైపు మీద ఆర్9 అని, అంటే ఇథనాల్‌ని తట్టుకునే రకమని, అచ్చువేసి ఉండాలి. బంకులో సూపర్ రకం ఈ5 పోయించండి. కార్బొరేటర్‌లోకి దూరే చిన్న ఇత్తడి గొట్టం వదులై ఊడొస్తుంది, దాన్ని చేత్తో పట్టి కదిపి చూడండి. కదిలితే వెళ్లొద్దు. ఇంజన్ వేడి మీద ఒక్క చుక్క పెట్రోలు పడినా మంటే. 1600 ఇంజన్ కేసు మెగ్నీషియం మిశ్రమం, అంటుకుంటే నీళ్లతో ఆరదు, ఇంకా రేగుతుంది. మంట కనిపిస్తే ముందు పిల్లల్ని దించి దూరం తీసుకెళ్లండి, బండి సంగతి తర్వాత.

రెండోది హీటర్. ఈ బండిలో వెచ్చటి గాలి సైలెన్సర్ వైపు పొగ గొట్టాల మీదుగానే లోపలికి వస్తుంది. ఆ గొట్టాల చుట్టూ ఉండే డబ్బాలకు తుప్పుపట్టి చిల్లులు పడితే పొగ కూడా దాంతోపాటే వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తలనొప్పి, మగత వచ్చేదాకా తెలియదు. అందుకని చిన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం కొని పడుకునే చోట పెట్టండి. చలేస్తోందని రాత్రి గ్యాస్ పొయ్యి వెలిగించి పడుకోవద్దు. రెండు దుప్పట్లు ఎక్కువ కప్పుకోండి, కిటికీ సందు తెరిచి ఉంచండి.

పిల్లల సీట్ల కోసం వెనక బెల్టులు ఉన్నాయో లేదో కూడా చూడండి. లేకపోతే మామూలు కారు కూడా వెంట తీసుకెళ్లి, పిల్లల్ని అందులో కూర్చోబెట్టండి.

ప్రశ్న (గుంటూరు నుంచి): అమ్మాయ్, మా రైస్ మిల్లు షెడ్డులో 1986 టెంపో మటాడోర్ ఏళ్ల తరబడి ఉంది. డీజిల్ ఇంజన్. మా అబ్బాయి దాన్ని మీ ఫారిన్ వ్యాన్లలా క్యాంపర్ చేస్తానంటున్నాడు. టాపు కోసేస్తాడట. అవుతుందా?

జవాబు: బాబాయ్ గారూ, మీ అబ్బాయి ఆలోచన నాకు చాలా నచ్చింది. మటాడోర్‌ది ముందు చక్రాల డ్రైవ్, కాబట్టి వెనక కింద షాఫ్టు ఉండదు, నేల కిందుగా, చదునుగా ఉంటుంది. మంచం వేసుకోవడానికి అంతకంటే మంచి బండి దొరకదు.

టాపు మాత్రం కోయనివ్వకండి. తయారీదారు ఇచ్చిన ఆకారం మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు. ముందుగా ఆర్టీఏ ఆఫీసులో అడిగి కాగితం మీద రాయించుకోవాలి. వింటేజ్ రిజిస్ట్రేషన్ అని ఎవరైనా చెబితే, 2021 రూల్స్ ప్రకారం అది 50 ఏళ్లు దాటిన సొంత వాడకం బండ్లకే. ఇది ఆ లెక్కలోకి రాదు. మంచం, అల్మరా, పొయ్యి బల్ల అన్నీ ప్లైవుడ్‌తో చేయించి, బోల్టులు విప్పితే బయటికి వచ్చేలా బిగించమనండి.

ఇప్పుడు అర్జెంటు విషయం. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టాలని అబ్బాయి తొందరపడతాడు, ఆపండి. ట్యాంకులో డీజిల్ మొత్తం దించేయించండి, అడుగున జిగట పట్టి ఉంటుంది. ఇంజెక్టర్లు విప్పించి ఒక్కో సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి, ఒక రాత్రి వదిలేసి, మర్నాడు చేత్తో తిప్పించండి. స్వేచ్ఛగా తిరిగితేనే మిగతా పని. కొత్త డీజిల్, కొత్త ఫిల్టర్ వేసి, డీజిల్ పైపుల్లో గాలి తీయించి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. బ్రేకు సిలిండర్లలో రబ్బర్లన్నీ మార్చకుండా షెడ్డు దాటించొద్దు. ఇంజన్ తిరిగిందో లేదో నాకు తప్పకుండా రాయండి, ఫొటోలు కూడా పంపండి.