నాస్టిక్, నాస్తికుడు, జ్ఞాని

సందేహం: గురువుగారికి నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. మా వీధిలో తెలుగువాళ్లం, ఒడియావాళ్లం కలిసి ఆదివారం పూట సత్సంగం నడుపుకుంటున్నాం. ఈసారి తొలినాటి క్రైస్తవంలో పుట్టిన ఒక ఆధ్యాత్మిక మార్గం గురించి మాట్లాడుకుందామని కరపత్రం రాశాను. అందులో ఈ వాక్యం ఉంది: "నాస్టిక్ అయిన మనిషి శరీర కోరికలను దాటి చూస్తాడు, ఇతరులను సేవిస్తాడు." అది చదివి పెద్దవాళ్లు "సత్సంగంలో నాస్తికుల సంగతి ఎందుకమ్మా?" అన్నారు. ఇంగ్లీషులో అలాగే పలుకుతారని మా అబ్బాయి అంటున్నాడు. 'జ్ఞాని' అని మార్చేస్తే గొడవ ఉండదు కదా? మిగతా వాక్యం బాగుందా?

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి చెప్పిన ఉచ్చారణ సరైనదే. ఇంగ్లీషువాళ్లు ఆ మాట మొదట్లోని గకారాన్ని పలకరు. అయినా మీ పెద్దవాళ్ల అభ్యంతరమే బలమైనది. తెలుగులో నాస్టిక్‌కీ నాస్తిక్‌కీ ఒక్క ఒత్తే తేడా. ఒడియాలోనూ నాస్తికుణ్ణి 'నాస్తిక' అనే అంటారు కాబట్టి రెండు భాషలవాళ్లూ ఒకేలా పొరబడతారు. పైగా అర్థాలు పూర్తిగా ఎదురెదురు. నాస్తికుడు దేవుడు లేడంటాడు. మీరు చెప్పే ఈ మార్గంవాళ్లు దేవుడున్నాడనడంతో ఆగలేదు. ఈ లోకాన్ని తయారుచేసినవాడు చిన్న దేవుడనీ, అతనికి పైన వెలుగే రూపమైన పరమదేవుడు వేరే ఉన్నాడనీ నమ్మారు. మీరు 'నాస్టిక్' అని రాసిన మాటకు మూలం గ్రీకు. అక్కడ గకారం పలికేది. అందుకని 'గ్నోస్టిక్' అని రాయండి, చదివేటప్పుడూ అలాగే చదవండి. ఇంకో మాటతోనూ జాగ్రత్త. దేవుడి ఉనికి మనకు తెలిసే విషయం కాదనేవారికి 1869లో ఇంగ్లండు శాస్త్రవేత్త హక్స్‌లీ ఇంగ్లీషులో 'ఆగ్నాస్టిక్' అనే పేరు కల్పించాడు. దాన్ని మనం 'అజ్ఞేయవాది' అంటున్నాం. అందులోంచి 'అ' తీసేసి గ్నోస్టిక్‌లను 'జ్ఞేయవాదులు' అని రాసినవాళ్లున్నారు. చదివేవాడికి దాంతో ఏమీ తెలియదు.

ఇక 'జ్ఞాని'. మీకు ఆ ఆలోచన రావడం సహజం. గ్నోస్టిక్‌కు మూలమైన గ్రీకు 'గ్నోసిస్', సంస్కృత 'జ్ఞానం' ఒకే ప్రాచీన ధాతువు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు. మనం జ్ఞకారాన్ని గకారం కలిపి పలుకుతాం, ఒడియావాళ్లు 'గ్యాన' అంటారు. అలా చెవికి ఆ చుట్టరికం మరింత దగ్గరగా వినిపిస్తుంది. అయినా 'జ్ఞాని' అన్న ఒక్క మాటతో సరిపెట్టొద్దని నా సలహా. ఆ మాట వినగానే మన మనసు ఉపనిషత్తుల వైపు, అద్వైతం వైపు వెళ్తుంది. అద్వైతి దృష్టిలో జగత్తు మాయ. గ్నోస్టిక్ దృష్టిలో జగత్తు ఒక పొరపాటు, ఆత్మ అనే వెలుగురవ్వ చిక్కుకుపోయిన చోటు. నేనెవరిని, ఎక్కడినుంచి వచ్చాను, ఎక్కడికి తిరిగి వెళ్లాలి అన్న ఎరుక కలిగితేనే ఆ రవ్వకు విడుదల. రెండింటినీ ఒకే మాటతో పిలిస్తే వాళ్ల బాధ ఏమిటో మీ శ్రోతలకు అందదు. మొదటిసారి 'గ్నోస్టిక్ సాధకుడు' అని రాసి, పక్కనే ఒక వాక్యంలో వివరించండి. తర్వాత 'సాధకుడు' అంటే చాలు.

మీ సత్సంగానికి చర్చికి వెళ్లేవాళ్లు వస్తే ఇంకో సంగతి. తెలుగు బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రిక చివర "జ్ఞానమని అబద్ధముగా చెప్పబడిన విపరీతవాదములు" అని ఉంది. అక్కడ గ్రీకు మూలంలో ఉన్నది గ్నోసిస్ అన్న మాటే. కాబట్టి 'జ్ఞానం' అన్నంత మాత్రాన అందరి చెవికీ అది గౌరవంగా వినిపించదు. దాదాపు 180 ప్రాంతంలో లియోన్స్ బిషప్ ఐరేనియస్ వీళ్లను ఖండిస్తూ పెద్ద గ్రంథమే రాశాడు. చాలాకాలం లోకానికి వీళ్ల గురించి తెలిసిందల్లా ఎక్కువగా అలా విరోధులు రాసిందే. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ దగ్గర కొందరు రైతులకు ఒక జాడీలో కోప్టిక్ అనే పాత ఈజిప్టు భాషలో రాసిన పుస్తకాలు దొరికాయి. పదమూడు సంపుటాలు, యాభైకి పైగా రచనలు. అప్పటినుంచి వాళ్ల మాట వాళ్ల నోటే వినగలుగుతున్నాం.

"శరీర కోరికలను దాటి చూస్తాడు" అన్నది తెలుగు నుడికారం కాదు. కోరికలను అణుచుకుంటాం, చంపుకుంటాం, జయిస్తాం, వదులుకుంటాం. దాటి చూడం. పైగా 'శరీర కోరికలు' అనగానే ఈ రోజుల్లో కామం ఒక్కటే తడుతుంది. తిండి, నిద్ర, సుఖం, నలుగురూ మెచ్చుకోవాలన్న ఆశ, ఇవేవీ అందులోకి రావు. మనకు 'దేహధ్యాస' అనే చక్కని మాట ఉంది. వేదాంతంలో ఇది 'దేహాధ్యాస', అంటే దేహమే నేననుకోవడం. జనం నోట్లో దీర్ఘం పోయి, ఎప్పుడూ ఒంటి మీదే ధ్యాస ఉండటం అన్న అర్థం కుదురుకుంది. మీ వాక్యానికి రెండు అర్థాలూ పనికొస్తాయి. అయితే కరపత్రం ఒడియాలో కూడా వేస్తారేమో, అక్కడ ఒక చిక్కుంది. ఒడియాలో 'దేహ' అనేది రోజూ వాడే మాట. ఒంట్లో బాగోలేదని చెప్పాలన్నా దేహ బాగోలేదనే అంటారు. 'దేహం మీద ధ్యాస వదలండి' అన్నదాన్ని మాటకు మాటగా అటు మార్చితే, ఆరోగ్యం పట్టించుకోకండి అన్నట్టు వినిపిస్తుంది. అక్కడ కోరికల పేరు ఎత్తి చెప్పించండి.

గ్నోస్టిక్‌లందరూ కఠోర సన్యాసులని మాత్రం రాయకండి. దొరికిన రచనల్లో నిగ్రహం వైపు మొగ్గు ఎక్కువగా కనిపించే మాట నిజమే. కానీ వాళ్లలో అనేక శాఖలున్నాయి.

'ఇతరులను సేవిస్తాడు' తప్పు కాదు గానీ నేటి వాడుకకు కుదరదు. గుళ్లో స్వామిని సేవిస్తాం, ఔషధం సేవిస్తాం, మద్యం సేవించి బండి నడపొద్దని రోడ్డు పక్క బోర్డులు చెబుతాయి. మనుషులకైతే సేవ చేస్తాం. 'ను' తీసి 'కు' పెట్టండి. ఒడియావారికి 'సేబా' అనగానే జగన్నాథుడి గుడిలో స్వామి సేవ చేసే సేబాయతులు గుర్తొస్తారు. అది పవిత్రమైన మాట కాబట్టి అటువైపు ఇబ్బంది లేదు. 'పరిచర్య' కూడా మంచిదే. అయితే క్రైస్తవుల వాడుకలో దానికి బోధ, సంఘం పని అన్న అర్థం స్థిరపడింది.

మీ వాక్యంలో నిగ్రహం ఒకపక్క, సేవ ఒకపక్క, మధ్యలో కామా పెట్టి ఉంచారు. ఆ రెండింటికీ లంకె ఏమిటో చెప్పలేదు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే. నాగ్ హమ్మాదీలో దొరికిన ఫిలిప్పు సువార్తలో ఆ లంకె ఉంది. జ్ఞానం వల్ల స్వతంత్రుడైనవాడు, ఆ స్వాతంత్ర్యం ఇంకా అందని వారి కోసం ప్రేమవల్ల దాసుడవుతాడని దాని భావం. అక్కడే దొరికిన సత్య సువార్త, తడబడినవారి కాళ్లు నిలబెట్టమనీ, రోగులకు చేయి అందించమనీ, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టమనీ చెబుతుంది. తానొక్కడే గట్టెక్కితే చాలనుకునే మార్గమని వీళ్ల మీద వేసే నిందకు ఈ రెండు చోట్లా సమాధానం దొరుకుతుంది. మీ ఒడియా మిత్రులకు ఇది కొత్తగా ఉండదు. తన జీవితం నరకంలో పడినా సరే లోకం ఉద్ధారం కావాలన్న ఒడియా సంతకవి భీమ భోయి ప్రార్థన వాళ్లకు బాగా తెలుసు.

ఈ లంకెకు తెలుగు నుడికారం కూడా ఉంది: 'ఒళ్లు దాచుకోకుండా'. ఒంటిని తిట్టకుండా, శిక్షించకుండా, దాని సుఖం చూసుకోకుండా ఎదుటివాళ్ల కోసం వాడటం. మీ గుణుపురం చుట్టుపక్కల సవర పల్లెలున్నాయి కదా, అక్కడికి దగ్గర్లోని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బు ఖర్చు పెట్టారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. భాష వినడమే పనిగా పెట్టుకున్న మనిషి చెవులు ఇచ్చేశారు! ఒళ్లు దాచుకోకపోవడమంటే ఏమిటో చెప్పడానికి మీ సత్సంగంలో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తోచడం లేదు.

మీ వాక్యం ఇలా మార్చుకోండి: "గ్నోస్టిక్ సాధకుడు ఆత్మ ఎరుక కలిగి దేహధ్యాస వదులుతాడు. ఆ ఎరుక ఇంకా అందని వారి కోసం ఒళ్లు దాచుకోకుండా సేవ చేస్తాడు." రెండు వాక్యాలయ్యాయని సంకోచించకండి, సభలో చదవడానికి ఇదే తేలిక. 'గ్నోస్టిక్ జ్ఞాని' అని మాత్రం ఎక్కడా కలిపి రాయకండి, ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టవుతుంది.