40 మంది కూర్చునే ధ్యాన మందిరాన్ని మట్టి, సున్నం, వెదురుతో కట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గోడలు ఏ మట్టితో పెట్టాలి, పైన డోమ్ బాగుంటుందా, సిమెంటు ఎంతవరకు మానుకోవచ్చు అని అడిగారు. వీటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ధ్యాన మందిరానికి నిశ్శబ్దం కావాలి, గాలీ కావాలి. గాలి కోసం వదిలిన ప్రతి కంతలోంచీ చప్పుడు కూడా వస్తుంది. ఈ పేచీని ప్లాను గీసేటప్పుడే తీర్చుకోవాలి. గోడలు లేచాక చేయగలిగింది చాలా తక్కువ.

ముందు కొలతలు. ఒక్కొక్కరికి 16 నుంచి 18 చదరపు అడుగులు, ఆపైన నడిచే దారి, ముందు కూర్చునేవారికి చోటు కలిపితే 32 × 25 అడుగుల హాలు సరిపోతుంది. కదలకుండా కూర్చున్న మనిషి కూడా దాదాపు 100 వాట్ల వేడి వదులుతాడు, అంటే 40 మందికి 4 కిలోవాట్లు. తలకి నిమిషానికి 16 ఘనపుటడుగుల తాజా గాలి చొప్పున మొత్తం 640 కావాలి. ఫ్యాన్లు లేకుండా గాలి నిమిషానికి 60 అడుగుల వేగంతో నడుస్తుందని వేసుకుంటే, లోపలికి వచ్చే కంతలు 11 చదరపు అడుగులు, బయటికి పోయేవి మరో 11 ఉండాలి. దోమల జాలి బిగిస్తే ఒకటిన్నర రెట్లు చెయ్యండి. వచ్చే కంతలు నేలకు అడుగు ఎత్తులో, సందడి లేని వైపు పెట్టండి. పోయేవి కప్పు శిఖరం దగ్గర ఉండాలి. కంతను గోడలో నేరుగా కొట్టకుండా రెండు మలుపులు తిప్పి, లోపలి పక్కలకు కొబ్బరి పీచు పలకలు బిగిస్తే గాలి వంపు తిరిగి వచ్చేస్తుంది, చప్పుడు చాలావరకు పీచులోనే ఆగిపోతుంది. మధ్యాహ్నం కూర్చున్నవాళ్లంతా కునికిపాట్లు పడుతుంటే ముందు గాలినే అనుమానించండి.

18 అంగుళాల మట్టి గోడ బయటి చప్పుడును బాగా ఆపుతుంది. కానీ ఎంత మందం గోడైనా తలుపు కింద సందు ముందు ఓడిపోతుంది. వెదురు తడిక తలుపు చూడముచ్చటగా ఉంటుంది గానీ, దాన్ని ఈ హాలుకు వాడకండి. ఒకటిన్నర అంగుళాల గట్టి చెక్క తలుపు పెట్టి, దాని ముందు చిన్న నడవ, ఆ నడవకు రెండో తలుపు పెట్టండి. గోడ మీద వాసాలు ఆనే చోట మిగిలే సందుల్లో గడ్డి కలిపిన అడుసు కూరాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇక్కడే.

డోమ్ వద్దనే చెబుతాను. వంపు తిరిగిన గట్టి ఉపరితలం శబ్దాన్ని ఒకచోటికి పోగేస్తుంది. ఓ మూల ఎవరో దగ్గితే మధ్యలో కూర్చున్నవారి చెవి పక్కనే వినిపిస్తుంది. వాలు కప్పుతో సగటు ఎత్తు 12 అడుగులైతే హాలు 9,600 ఘనపుటడుగులు. చప్పుడు ఆగాక హాల్లో మోగుతూ ఉండే కాలం 0.8 సెకన్లకు దిగాలంటే 0.049 (అడుగుల లెక్కకు వాడే స్థిర సంఖ్య) × 9,600 ÷ 0.8, అంటే చప్పుడును పూర్తిగా పీల్చే ఉపరితలం దాదాపు 590 చదరపు అడుగులకు సమానంగా కావాలి. కూర్చున్న మనుషులు తలా నాలుగు చొప్పున 160 ఇస్తారు. మిగతాది కప్పు అడుగు భాగం, నేల మీది చాపలు, వెనక గోడకు కట్టిన మందపాటి గుడ్డ నుంచి రావాలి. నున్నగా మెరిసే గచ్చు నాలుగు గోడలకూ చేయిస్తే ఈ లెక్క ఎప్పటికీ కుదరదు.

ఇక మట్టి. పారదర్శకమైన సీసాలో మూడో వంతు మట్టి, చిటికెడు ఉప్పు వేసి, నీళ్లు నింపి బాగా కుదిపి ఉంచండి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లో అడుగుకు చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో, బంక మరుసటి రోజుకి. బంక 15 నుంచి 25 శాతం, ఎక్కువ భాగం ఇసుక ఉంటే ముద్దగోడకు, అంటే తడిమట్టి ముద్దలు వరసలుగా పేర్చి కట్టే గోడకు పనికొస్తుంది. తర్వాత రెండడుగుల పొడవు, ఒకటిన్నర అంగుళాల వెడల్పూ లోతూ ఉన్న చెక్క పెట్టెలో తడిమట్టి కూరి నీడలో ఆరనివ్వండి. చివర్లలో కలిపి ముప్పావు అంగుళం కంటే ఎక్కువ ఖాళీ వస్తే ఇసుక కలపాలి. నల్లరేగడి గోడకు వద్దు, ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది. ఒక్కో వరస అడుగున్నర దాటించకండి. కింది వరస గట్టిపడకముందే పైది పెడితే పొట్ట ఉబ్బి పక్కకు జారుతుంది.

మట్టి గోడ పాడవడం ఎక్కువగా అడుగు నుంచే మొదలవుతుంది. చూరు నీళ్లు నేల మీద పడి చిమ్మి, గోడ పాదాన్ని కోస్తాయి. రెండడుగుల రాతి కట్టు, మూడడుగుల చూరు, చుట్టూ కంకర నింపిన కాలువ, ఈ మూడూ ఉండాలి. గోడ తలకట్టున చుట్టూ తెగకుండా చెక్క లేదా వెదురు బంధం వేయించండి. భూకంపాలొచ్చే నేలైతే స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కలు లేకుండా ముందుకు వెళ్లొద్దు.

పూతకు సిమెంటు వద్దు. అది చెమ్మను బయటికి పోనివ్వదు. వెనక పేరుకున్న తడికి మట్టి మెత్తబడి, కొన్ని వానాకాలాలకు పూత మట్టితో సహా పెచ్చులుగా ఊడుతుంది. కనీసం మూడు వారాలు నీళ్ల కింద నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపి, అర అంగుళం మించని పూతలుగా వేసి, వారం పాటు తడిగోనెలు కప్పండి. ఎండ తగిలి త్వరగా ఆరితే చేత్తో రాస్తే పొడి రాలుతుంది. సున్నం చల్లార్చేటప్పుడు, అంటే కాల్చిన సున్నంలో నీళ్లు పోసేటప్పుడు, కళ్లద్దాలు తప్పనిసరి.

వెదురు మూడేళ్లు దాటినది తీసుకోండి. లేత బొంగులో పిండిపదార్థం ఎక్కువ, పుచ్చు పురుగు దానికోసమే వస్తుంది. పొడవాటి ఇనుప ఊచతో లోపలి కణుపులు పొడిచి, 100 లీటర్ల నీటికి బోరాక్స్ రెండున్నర కిలోలు, బోరిక్ యాసిడ్ రెండున్నర కిలోలు కలిపిన తొట్టిలో రెండు వారాలు ముంచండి. తర్వాత నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. ఈ మందు వానకు కొట్టుకుపోతుంది కాబట్టి చూరు దాటి బయటికి వెదురు రాకూడదు, నేలకూ తగలకూడదు. మేకులు కొడితే చీలుతుంది. డ్రిల్లుతో కణుపు పక్కనే రంధ్రం చేసి బోల్టు వేయండి.

కిటికీ ఎత్తును నేల మీద కూర్చున్నవారి కంటిని బట్టి తీసుకోండి, అది సుమారు రెండున్నర అడుగులు. ఎదురుగా కిటికీ ఉంటే వెలుగు కంట్లో కొడుతుంది, పక్క గోడలకు పెట్టండి. మట్టి నేలకు అవిసె నూనె పూస్తే గట్టిగా ఉంటుంది గానీ, ఆ వాసన వారాల తరబడి పోదు. కళ్లు మూసుకున్న మనిషికి అది ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ప్రారంభ తేదీకి బాగా ముందే ఆ పని ముగించండి. నూనె గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, పరిచి ఆరబెట్టండి.

వాన చప్పుడు రాకుండా ఉండాలంటే గడ్డి కప్పే మేలు. వాలు 45 డిగ్రీలకు, మందం 10 అంగుళాలకు తగ్గితే నీళ్లు లోపలికి దిగి కుళ్లిస్తాయి. గడ్డి కింద దీపం, అగరుబత్తి ఏదీ వెలిగించకూడదు. వైరింగంతా ఇనుప గొట్టాల్లోంచే తీసుకెళ్లాలి, బయటికి తెరుచుకునే రెండో తలుపు ఎదురు మూలన ఉండాలి.