తాండూరు కంది పండించేది మీరే, రిజిస్టర్‌లో పేరు ఉందా?

ప్రశ్న: మాది వికారాబాద్ జిల్లా బషీరాబాద్ మండలం. తాతల కాలం నుంచి కంది వేస్తున్నాం. హైదరాబాద్‌లో ఒక షాపు వాళ్లు వేరే రాష్ట్రం పప్పును ‘తాండూరు కందిపప్పు’ అని అచ్చేసిన సంచుల్లో అమ్ముతున్నారు. రెండున్నరేళ్ల కింద మొదటిసారి చూసి కడుపు మండింది. మాకేమో మామూలు కంది ధరే. ఇప్పుడొక మిల్లు యజమాని, నా పేరున జీఐ (భౌగోళిక గుర్తింపు) రిజిస్ట్రేషన్ చేయించి నంబరు తనకిస్తే క్వింటాకు 200 రూపాయలు ఇస్తానంటున్నాడు. ఒప్పుకోనా, కేసు వేయనా?

జవాబు: జీఐ రిజిస్టర్‌లో మీ పేరు ఉందా? మీరు రాయలేదు. మిల్లు యజమాని మాటను బట్టి లేదనే అనుకుంటున్నాను. తాండూరు కందికి 2022 డిసెంబరులో గుర్తింపు వచ్చింది. నమోదైన యజమాని యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. 1999 నాటి జీఐ చట్టం ప్రకారం దావా హక్కు ఆ యజమానికి, సెక్షన్ 17 కింద అధీకృత వినియోగదారుగా (అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవారిగా) నమోదైన రైతులకు ఉంటుంది. నాపరాళ్ల నేలలో మూడు తరాలు పండించడం ఆ నమోదుకు అర్హత, అంతే. ఆ ఫీజును 2020లోనే పది రూపాయలకు తగ్గించారు. పది రూపాయల పని చేసుకోకుండా రెండున్నరేళ్లు కడుపు మండించుకుంటే ఎలా?

ఆ ఆలస్యానికి ఇంకో నష్టం ఉంది. క్రిమినల్ కేసుకు గడువు నేరం జరిగి మూడేళ్లు, లేదా తెలిసి రెండేళ్లు, ఏది ముందైతే అది. మీరు మొదట చూసిన అమ్మకం చేజారింది. అయితే ప్రతి కొత్త అమ్మకమూ కొత్త నేరమే. కాబట్టి ఒక సంచి కొనండి. తేదీ ఉన్న బిల్లు అడగండి. సంచి విప్పకుండా ఇద్దరు సాక్షుల సంతకాలతో సీలు వేయించండి. ఫోన్‌లో ఫొటో ఒక్కటే తెస్తే అవతలి వకీలు నవ్వుతాడు. పోలీసు సోదాకు డీఎస్పీ స్థాయి అధికారి కావాలి, ముందుగా జీఐ రిజిస్ట్రార్ అభిప్రాయమూ తీసుకోవాలి. సీలు వేసిన సంచి అక్కడ పనికొస్తుంది.

మిల్లు బేరం జోలికి పోవద్దు. సెక్షన్ 24 ప్రకారం ఈ హక్కు అమ్మడానికి, లైసెన్సుకు ఇవ్వడానికి, తాకట్టు పెట్టడానికి వీల్లేదు. ఆ ఒప్పందం చెల్లదు సరే, మీ నంబరు పడ్డ సంచిలో ఏ ఊరి పప్పు పోశారో మీకు తెలియదు. పట్టుబడితే నోటీసు మీ గడపకే వస్తుంది. తప్పుడు జీఐ వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. పైగా నకిలీ సంచిలోని పప్పు తిన్నవాడు మళ్లీ ఆ పేరుకు రూపాయి ఎక్కువ పెట్టడు. షాపువాడు చేస్తున్నదీ ఇదేగా?

ముందు చెన్నైలోని జీఐ రిజిస్ట్రీకి దరఖాస్తు పంపండి. అది తేలేలోపు సీలు వేసిన సంచితో యాలాల కంపెనీ దగ్గరికి వెళ్లండి. వాళ్లు ఇవాళే జిల్లా కోర్టులో దావా వేయగలరు. పట్టా పాసుబుక్కు, పంట నమోదు వివరాలు జత చేయండి. తెల్లచీటీ మీద రాసిన తూకాలు సాక్ష్యంగా నిలబడవు. ఈసారి కంది అమ్మాక తక్‌పట్టీ (తూకం, ధర రాసిన అమ్మకం రసీదు) చేతికి రాకుండా యార్డు గేటు దాటకండి.