కథ ఒడిసినంక ఆయన కాడికి ఎట్ల పోవాలె

బిడ్డా,

నిన్న ఫోన్ల నీ మాట ఇంటుంటె నాకు మస్తు సంబురమైంది. "ఆదివారం కాళోజీ కళాక్షేత్రంల ఆయన ఒగ్గు కథ ఉన్నదట పెద్దబాపు, అయిపోయినంక కలుస్త, ఏం మాట్లాడాలె?" అంటివి. ఏడేండ్ల పిల్లగున్నప్పుడు మన ఊరి బీరప్ప పండుగల నా ఒళ్లె కూసొని తెల్లారేదాక రెప్ప కొట్టకుంట ఆయన కథ ఇన్నవు. అప్పటిసంది ఆయన పేరంటే నీకు పానం. ముప్పై ఏండ్లు పండుగ కమిటీల ఉన్నోన్ని, ఒగ్గోళ్లను పిలుచుకొచ్చుడు, అన్నం పెట్టుడు, పొద్దుగాల బస్సెక్కిచ్చుడు నా పనే. అందుకే ఫోన్ల చెప్పంది ఈ ఉత్తరంల రాస్తున్న.

ముందుగాల ఒకటి మతికుంచుకో. కథ ఒడవంగనే ఉరుకకు. ఒక్క మనిషే మల్లన్న అయితడు, బీరప్ప అయితడు, ఆడబిడ్డ అయి ఏడుస్తడు, మళ్ల మన దిక్కు మర్రి కథ చెప్తడు. ఎనుక డోలు దద్దరిల్లుతుంటె దాని మీదికెల్లి గొంతు లేపాలె. దిగినంక ఆయన ఎట్లుంటడో నేను దగ్గరికెల్లి చూసిన. నొసటి పసుపు చెమటల కరిగి మెడ మీదికెల్లి అంగీల దాక కారుతది. గోడకు ఒరిగి కూసొని గజ్జెలు ఇప్పుకుంటడు. గజ్జెల పట్టీ ఒత్తుకొని చీలమండ చుట్టు ఎర్రగ వాత తేలి ఉంటది, దాన్ని బొటనవేలితోని మెల్లగ రుద్దుకుంటడు. ఆ పావుగంట ఆయనది. గజ్జెలు మూటల కట్టి పక్కకు పెట్టినంక, ఎవలన్న చాయ అందించినంక, అప్పుడు పో.

నేను ఈ మాట ఎందుకింత గట్టిగ చెప్తున్ననంటే, ఒకసారి నేనే తప్పు చేసిన. అప్పుడు నాకు ఇరవై నాలుగేండ్లు. పక్కూర్ల రాత్రంత కథ. చెప్పినాయన వేరే పెద్దమనిషి, ఇప్పుడు లేడు. తెల్లారి నలుగురం దోస్తులం పోయి ఆయన సుట్టు మూగినం. "ఆ ఏడ్చే కాడ పాట మల్లొక్కసారి పాడుండ్రి" అని పట్టుబట్టిన. ఆయన వద్దనలే. బొంగురుపోయిన గొంతుతోనే నాలుగు చరణాలు పాడిండు, దగ్గు ఆగలే. డోలు కొట్టేటాయన నా దిక్కు ఒక్క చూపు చూసిండు. మర్నాడు ఇంకో ఊర్ల సగం కథకే గొంతు పోయిందట, మిగిలింది వంత పాడేటాయన నెట్టుకొచ్చిండట. నా వల్లనే అని ఎవ్వరనలే. నాకు మాత్రం ఆ చూపు ఇయ్యాల్టికి మతికున్నది. నేరెళ్ల వేణుమాధవ్ గారు పుట్టిన ఓరుగల్లు మనది, మిమిక్రీ చేసేటోళ్లు కనబడితే "ఒక్క గొంతు చెయ్యుండ్రి" అనుడు మనోళ్లకు అలవాటు. కళాకారుడు స్టేజీ దిగినంక గొంతు అడుగొద్దు బిడ్డా.

ఇగ ఏం మాట్లాడాలె అన్నవు. "మీరంటే మస్తిష్టం, మీ అంతటోళ్లు లేరు" అని అందరంటరు, ఆయన చేతులు జోడిస్తడు, అక్కడికే అయిపోతది. నువ్వు చూసిందొకటి చెప్పు. అక్క మాంకాళి చిన్న బీరప్పను ఊపే కాడ ఆయన భుజం మీది కండువ తీసి ఉయ్యాల చేసిండు. అది ఉత్త కండువ అని తెల్వక, ఊపుడు ఆపంగనే "పిలగాడు లేస్తడు పెద్దబాపు" అని నువ్వు నా చెయ్యి పట్టి గుంజినవు. అది చెప్పు. ఊరి పేరు చెప్పు, బీరప్ప గుడి ముంగట అని చెప్పు. వందల ఊర్లు తిరిగిన మనిషికి తన కండువ ఒక పిల్లకు నిజంగ ఉయ్యాలైందని తెలుసుడు చిన్న సంగతి కాదు. చెప్పి ఊకో. ఆయన మాట్లాడితే ఇను, మాట్లాడకుంటె ఆ నిమ్మళమే చాలు. నోట్ల మాట రాక కండ్లల్ల నీళ్లొస్తె రానియ్యి, ఏడుపు కొత్త కాదు ఒగ్గోళ్లకు.

సర్ గిర్ అనకు. "తాతా" అను. కాళ్లు మొక్కాలనిపిస్తె మొక్కు, కని గజ్జెలు ఇప్పినంకనే.

వంతోళ్లను, డోలోళ్లను ఇడిసిపెట్టకు. ఒగ్గు అంటే మల్లన్న చేతిల డమరుకం, ఆ పేరు మీదనే కథ నడుస్తది, కని డోలు, తాళం, ఊదే నపీర లేకుంటె ఆయన ఒక్కడు ఏం చేస్తడు? అందరు పెద్దాయన సుట్టే మూగుతరు, వాళ్లు ఓ మూలకు సామాన్లు సదురుకుంటుంటరు. ముందు వాళ్ల కాడికి పోయి, దరువు ఏ కాడ నీకు ఒళ్లు జల్లుమన్నదో చెప్పు. నువ్వెవలివో వాళ్లే ఆయనకు చెప్తరు.

శాలువ కొనకు. ఒక్కొక్క కళాకారుని ఇంట్ల పెట్టె నిండ శాలువలే ఉంటయి. పైసలియ్యాలనుకుంటె కవర్ల పెట్టి జట్టు పేరు మీద పెద్దాయన చేతిల పెట్టు, పదిమంది ముంగట నోట్లు లెక్కపెట్టినట్టు కావద్దు. ఫోటో అడుగు, తప్పు లేదు, కని అడిగినంకనే ఫోన్ తియ్యి, ఒక్కటి చాలు. వీలైతే ఆ డోలాయనను గుడ నిలబెట్టు.

"ఇంకోసారి కలుస్త తియ్యి" అని మాత్రం ఎనుకకు రాకు. మన జనగామ దిక్కు మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారి కథ నేను ఎన్నిసార్లో ఇన్న. మంది ఉన్నరని ప్రతిసారి బయటికెల్లే ఎల్లిపోయిన, ఒక్క మాట మాట్లాడలే. 2017ల ఆయన పోయిండు.

ఆదివారం పొద్దుగాల కాజీపేటల దిగి సీదా ఇంటికి రా. మీ పెద్దమ్మ అల్లం, మిరియాలు ఏసి నీళ్లు కాగబెడ్తది, స్టీలు ఫ్లాస్కుల పోసిస్త. సల్లటి డ్రింకులు తెచ్చేటోళ్లు శానమంది ఉంటరు, నువ్వు ఇది తీస్కపో. గ్లాసులు ఆరు పెట్టిన, జట్టు మొత్తానికి సరిపోతయి.

నీ పెద్దబాపు
హన్మకొండ