ముందు నీళ్లను చూడు

నెల్లూరు

చిరంజీవి సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే జూన్‌లో తోకకప్పలను, అదే తోకతో ఈదే కప్ప పిల్లలను, చూడటానికి పడమటి కనుమలకు వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. దానికి ముందే, ఈ కార్తీకంలో ఒకసారి పెంచలకోనకు రా. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే కదా, కోన పారేది అప్పుడే. కన్ను అక్కడే అలవాటు చేసుకో.

దారిలో ఊరి చెరువు దగ్గర కాసేపు ఆగుదాం. చెరువులో తోకకప్ప ఒళ్లు గుండ్రంగా, తోక అంచు వెడల్పుగా పలచగా ఉంటుంది. కదలని నీళ్లకు అది చాలు. ఉరికే వాగులో అయితే కొట్టుకుపోతుంది. అందుకే ముందు నీళ్లను చూడు. రాయిని ఎక్కడ కొడుతున్నాయి, బండ మీద ఎక్కడ పలచగా జారుతున్నాయి, గులకరాళ్లలోకి ఎక్కడ దూరుతున్నాయి అని.

కనుమల్లో ఈ మూడు చోట్లా మూడు రకాలు కనిపిస్తాయి. 2003లో కప్పల శాస్త్రవేత్త ఎస్.డి. బిజు తన సహచరుడితో కలిసి వర్ణించిన ఊదారంగు కప్ప ఏడాదిలో చాలా భాగం భూమిలోనే ఉంటుంది. దాని పిల్లలు మాత్రం ఉరవడిలో రాయిని నోటితో గట్టిగా పట్టుకుని, దాని మీది పాచి గీక్కు తింటాయి. ఇండిరానా కప్పల పిల్లలు తడి బండ మీదే బతుకుతాయి. వాటికి వెనక కాళ్లు తొందరగా వస్తాయి, ముట్టుకోబోతే ఎగిరి దూకుతాయి. నాకు అన్నిటికన్నా ఇష్టం నాట్యకప్పల పిల్లలు. అవి వాగు అడుగున ఇసుకలో, గులకలో దూరి ఉంటాయి. పాములాంటి సన్నటి ఒళ్లు, కళ్ల మీద చర్మం పొర. అవి అలా దాక్కుంటాయని 2016 దాకా ఎవరికీ తెలియదు!

చిన్నప్పుడు నేను వాగులో తోకకప్పలను సీసాలో పట్టుకొచ్చాను. ఇంటికి చేరేసరికి అన్నీ చచ్చిపోయాయి. పారే నీళ్లలో చల్లదనం, ప్రాణవాయువు ఎక్కువని అప్పుడు తెలియదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. నువ్వు పట్టకు, నీళ్లలోనే చూడు. రాయి ఎత్తితే మెల్లగా, ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టు. దోమల క్రీమ్ రాసిన చెయ్యి, జలగల కోసం ఉప్పు పట్టిన చెయ్యి వాగులో ముంచకు. ఒక వాగు నుంచి ఇంకో వాగుకు వెళ్లేటప్పుడు బూట్లు కడిగి బాగా ఆరబెట్టు, కప్పలను చంపే శిలీంధ్రం తడి బూట్లతోనూ పాకుతుంది. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకో.

ఏ ఆదివారం వస్తావో ఫోన్ చెయ్యి. పెద్దమ్మ పులిహోర కట్టిస్తానంది.

నీ పెదనాన్న