పెద్దకూరను నానబెడతామా, ఊరబెడతామా?

సందేహం: అమెరికాలో ఉండే మా అక్క పంపిన ఒక వంటను తెలుగులో రాస్తూ “చవకైన గొడ్డుమాంసపు కోతను ఉప్పు, నిమ్మరసం, అల్లంవెల్లుల్లిలో నాలుగు గంటలు నానబెట్టి, ఓవెన్‌లో వేయించాలి” అని రాశాను. మా అమ్మ చదివి “ఇదేం వంటరా, పెసలు నానబోసినట్టు” అని నవ్వింది. తప్పెక్కడుంది? – ఒక పాఠకుడు, మల్లేపల్లి

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణం బాగానే ఉంది. మాటలే ఆ వంటవి కావు.

ముందు ‘కోత’ సంగతి. వరికోత, కరెంటు కోత, కడుపుకోత... అన్నీ కోయడమనే పనిని చెప్పేవే, కోయగా వచ్చిన ముక్కను కాదు. కొట్టుకు వెళ్లి ‘తొడ ముక్క ఇవ్వు’ అంటాం గానీ ‘తొడ కోత ఇవ్వు’ అనం కదా. మీ అక్క చెప్పింది బహుశా అక్కడ ఫ్లాంక్ అనే పొట్టకింది కండ అయ్యుంటుంది, పొడుగాటి పీచుతో గట్టిగా ఉంటుంది.

‘గొడ్డుమాంసం’ తప్పు కాదు. కానీ గొడ్డుచాకిరీలో ఉన్న చిన్నచూపు అందులోనూ కొంచెం తగులుతుంది. హైదరాబాద్‌లో దీన్ని తినే తెలుగువాళ్లు పెద్దకూర అనే అంటారు, పక్కింటి ఉర్దూవాళ్లు బడే కా గోష్త్ అంటారు. పచ్చిమాంసాన్ని కూర అనొచ్చా అని ఇంకొకరు అడుగుతారేమో, ఆకుకూరలు బజార్లో పచ్చివే కదా అమ్మేది!

ఇక అమ్మ నవ్విన చోటు. నానడమంటే బయటి నీటిని పీల్చి మెత్తబడడం, పప్పులాగా, బియ్యంలాగా, వానలో బట్టలాగా. ఊరడం అలా కాదు. బావిలో నీరు ఊరుతుంది, నోరూరుతుంది, అంటే లోపల్నుంచి బయటికి రావడం. ఆవకాయలో ఉప్పు పడ్డాక మామిడి ముక్క తన రసాన్ని వదిలి, ఆ ఉప్పూకారం కలిసిన రసాన్నే మళ్లీ తాగుతుంది, అందుకే అది ఊరగాయ అయింది. మాంసానికి ఉప్పు రాసి చూడండి, పది నిమిషాల్లో పైన నీళ్లు చెమ్మగా కనిపిస్తాయి, తర్వాత నెమ్మదిగా ఆ ఉప్పునీరే లోపలికి పోతుంది. నిమ్మరసం పులుపు మాత్రం పైపొర దాటి పెద్దగా పోదు. కాబట్టి మసాలా ‘పట్టించి’, ‘ఊరబెట్టాలి’. మారినేట్ చేయాలి అని రాసినా నాకేం అభ్యంతరం లేదు, అందరూ అంటున్నదే.

వేయించడానికి నూనెలోనో పెనం మీదో కలుపుతూ ఉండాలి. నేరుగా మంట సెగ తగిలితే అది కాల్చడం: మొక్కజొన్న పొత్తు, వంకాయ. వేడి రాతిపలక మీద చేసే మన పత్తర్ కా గోష్త్‌లోనూ రాయి అడ్డమున్నా కాల్చడమే, మంట కింద ఉంటుంది. మీ అక్క చెప్పింది బహుశా బ్రాయిల్ అయ్యుంటుంది, అమెరికా ఓవెన్లో బ్రాయిల్ అంటే సెగ పైనుంచి. అందుకని ‘పైసెగన కాల్చి’ అంటే చాలు, చదివినవాళ్లకు పళ్లెం ఎక్కడ పెట్టాలో కూడా తెలిసిపోతుంది.

ఇలా మార్చండి: “చవకలో దొరికే పెద్దకూర ముక్కకు ఉప్పు, నిమ్మరసం, అల్లంవెల్లుల్లి పట్టించి నాలుగు గంటలు ఊరబెట్టి, పైసెగన ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు కాల్చి, కాసేపు ఆగి పీచుకు అడ్డంగా పల్చగా కోయాలి.” మీ కోతకు ఇక్కడ చోటు దొరికింది, చూశారా.

అన్నట్టు, మన కబాబుల్లోలాగా పచ్చిబొప్పాయి కూడా కలుపుదామనుకుంటే గంటా రెండు గంటలకు మించనివ్వకండి. రాత్రంతా వదిలేశారంటే పైనంతా పిండిపిండిగా అయిపోయి, మీరు మొదట రాసిన నానబెట్టడమే నిజమవుతుంది.