ఏనుగులా, జలపాతమా? ముందు నెల తేల్చుకో

ఒరేయ్ చిన్నా,

నీ ప్లాను చూశాను. పది రోజుల్లో దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్, డర్బన్, క్రూగర్ అడవి, ఆపైన విక్టోరియా జలపాతం, బోట్స్‌వానాలో చోబే అడవి, అది చాలనట్టు చివర్లో నమీబియా ఎడారి. మా అన్నయ్యనీ వదిననీ, అదే మీ అమ్మానాన్నల్ని, తీసుకెళ్తున్నది దేశాలు చూపించడానికా, విమానాశ్రయాల్లో బెల్టులు విప్పించడానికా? సగం కొట్టేశాను, కోప్పడకు.

అసలు ముందు తేలాల్సింది ఊళ్ళు కాదురా, నెల. అక్కడ నీళ్ళకో కాలం, జంతువులకో కాలం. రెండూ ఒకేసారి నిండుగా దొరకవు. వానలు నవంబరు నుంచి మార్చి దాకా పడతాయి. ఎగువన అంగోలాలో, జాంబియాలో కురిసిందంతా జాంబెజీ నదిలోకి దిగి జలపాతం దాకా వచ్చేసరికి ఏప్రిల్ అవుతుంది. అంటే మన పిల్లలకి వేసవి సెలవులిచ్చే వేళకి, 1,700 మీటర్ల వెడల్పున నది మొత్తం వంద మీటర్ల లోతుకి దూకుతుంటుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ తుంపర ఎంత లేస్తుందంటే, ఎదురుగా నిలబడ్డవాడికి తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడదు. తడిసి ముద్దవుతావు, ఫోను సంచిలోంచి బయటికి తీయలేవు. ఏనుగులేమో అప్పుడు అడవి లోపలి గుంటల దగ్గర, ఏపుగా పెరిగిన గడ్డిలో చెల్లాచెదురుగా ఉంటాయి.

దసరా సెలవులకి ఇదంతా తలకిందులవుతుంది. లోపలి గుంటలు ఎండిపోయి మందలన్నీ చోబే నది ఒడ్డుకి దిగుతాయి. జలపాతం పలచబడుతుంది. దానికి ఒక పక్క జాంబియా, ఇంకో పక్క జింబాబ్వే. జాంబియా వైపైతే చాలామేర వట్టి రాయే కనిపిస్తుంది. జింబాబ్వే వైపు మాత్రం ఏడాది పొడుగునా నీరుంటుంది, పైగా పొగ అడ్డం లేక లోయ అడుగుదాకా చూడొచ్చు. ఎండంటావా, రెంటచింతల ఎండలు చూసినవాళ్ళకి అక్టోబరు జాంబెజీ ఒక లెక్కా!

మీ నాన్నకి చిన్నప్పటినుంచీ ఏనుగుల పిచ్చి. తడి బండల మీద ఆ మోకాళ్ళతో జారితే నీ యాత్ర ఆసుపత్రిలో ముగుస్తుంది. నన్నడిగితే దసరాకే వెళ్ళండి. హోటలు జింబాబ్వే వైపు విక్టోరియా ఫాల్స్ ఊళ్ళో తీసుకో. జలపాతానికి ఎదురుగా పోయే కాలిబాట దాదాపు చదునుగా ఉంటుంది. మధ్యమధ్య కూర్చోవచ్చు. తినేవి మాత్రం చేతిలో పట్టుకోవద్దు, బబూన్ కోతులు లాక్కుపోతాయి. చీకటి పడ్డాక ఆ ఊళ్ళో నడవొద్దు, దగ్గరైనా సరే టాక్సీ ఎక్కండి. ఏనుగులు వీధుల్లోకే వస్తాయి.

చోబేకి అక్కడినుంచి 80 కిలోమీటర్లు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. నువ్వు అలా చెయ్యకు, చోబే పక్కనే ఉన్న కసానే ఊళ్ళో రెండు రాత్రులు ఉండు. ప్రపంచంలో ఏనుగులు ఎక్కువగా ఉన్న దేశం బోట్స్‌వానా, లక్షా ముప్పై వేల దాకా ఉంటాయి. వాటిని జీపులోంచి చూడటం వేరు, పడవలోంచి చూడటం వేరు. జీపు ఇసకలో ఎగరేసి నడుము విరగ్గొడుతుంది. మధ్యాహ్నం పడవ ఎక్కితే కుర్చీలో కూర్చున్నట్టే కూర్చోవచ్చు. ఏనుగులు తొండాలు పైకెత్తి నది ఈదుతూ నడుమనున్న లంకకి వెళ్తుంటే, వెనకాల పిల్లలు తల్లుల్ని ఒరుసుకుంటూ పోతాయి. పడవవాడు ఇంజను ఆపేస్తే ఆ ఊపిరి చప్పుడు కూడా వినిపిస్తుంది. అదొక్కటి చూపిస్తే అన్నయ్య మిగతావేమీ అడగడు.

వీసా సంగతి జాగ్రత్త. ఒక్కసారి ప్రవేశానికి మాత్రమే తీసుకుంటే, సరిహద్దు దాటి బోట్స్‌వానా వెళ్ళాక జింబాబ్వేకి తిరిగి రానివ్వరు. డాలర్లు చిన్న నోట్లుగా, చిరుగులూ మరకలూ లేనివి తీసుకెళ్ళు. వందనోటిస్తే చిల్లర ఉండదు.

వదిన తిండి గురించి బెంగ పడకు. జింబాబ్వేవాళ్ళ సద్జా మన సంకటి లాంటిదే, కాకపోతే తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తారు. ముందు చేతులకి నీళ్ళు పోస్తారు, తర్వాత చేత్తో ముద్ద చేసి కూరలో అద్దుకోవడమే. వేరుశనగ ముద్ద వేసి వండిన ఆకుకూర అడుగు, వదినకి తప్పక నచ్చుతుంది. మాంసం రసం కలిపారేమో మాత్రం వడ్డించేముందే కనుక్కో. డప్పులూ డాన్సులూ పెట్టే హోటలు విందులు నాకంతగా పట్టవు. ఆ డబ్బుతో లివింగ్‌స్టన్ దగ్గర ముకుని గ్రామానికి, అక్కడివాళ్ళనే వెంటబెట్టుకుని వెళ్ళొచ్చు. వెళ్ళగానే ఫోటోలకి ఎగబడకండి. ముందు పలకరించాలి, క్షేమం అడగాలి, ఆ తర్వాతే ఏ పనైనా. ‘ములి బ్వాంజీ’ (ఎలా ఉన్నారు) అంటే చాలు, ముఖాలు విప్పారతాయి. ఇది జాంబియాలో ఉంది, మళ్ళీ వీసా లెక్క చూసుకో.

మిగిలిన రోజులు కేప్‌టౌన్‌కి ఇవ్వు. అక్టోబరుకి అక్కడ చలికాలపు వానలు తగ్గుతాయి, హెర్మానస్ దగ్గర ఒడ్డునుంచే తిమింగలాలు కనిపిస్తాయి. టేబుల్ మౌంటెన్ ఎక్కడానికి ముందే రోజు ఖాయం చేసుకోకు. గాలి వీస్తే కేబుల్ కారు ఆపేస్తారు, అందుకని ఆకాశం తేటగా ఉన్న మొదటి పొద్దునే బయల్దేరు. రాబెన్ ద్వీపం పడవ టికెట్లు మాత్రం ముందే కొనుక్కో. మండేలా 27 ఏళ్ళ జైలులో 18 ఏళ్ళు అక్కడే గడిపారు. ఆ జైలు చూపించేది కూడా ఒకప్పటి రాజకీయ ఖైదీలే. వాళ్ళు చెప్తుంటే ఫోను చూసుకుంటూ నిలబడకు.

డర్బన్ వదిలేయమంటే నాకే మనసొప్పదు. 1860లో మద్రాసు నుంచి తొలి ఓడ చేరింది అక్కడికే, చెరకు తోటల్లోకి మనవాళ్ళూ వెళ్ళారు, 1931 నుంచీ ఆంధ్ర మహాసభ ఉంది. రొట్టెలో బీన్సు కూర నింపిన బన్నీ చౌ తినడానికైనా వెళ్ళాల్సిందే. కానీ ఈసారికి కాదు.

చివరిగా టికెట్లు. నైరోబీ, అడిస్ అబాబాల మీదుగా చౌకగా వస్తాయి. అక్కడ పన్నెండు గంటలు దాటి ఆగితే దక్షిణాఫ్రికాలో ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. అరవై దాటినవాళ్ళకి ఆ టీకా వేయాలంటే డాక్టరు ముందు ఆలోచించాలి. దుబాయో దోహానో మీదుగా వెళ్ళండి, కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. చోబే వైపు మలేరియా ఉంది, అన్నయ్య బీపీ మందుల చీటీ చూపించి మాత్రలు రాయించుకో. కొనేముందు ఒకసారి ఫోన్ చెయ్యి, తేదీలు కలిసి చూద్దాం.

మీ అత్త